కంప్యూటర్ బిల్డింగు వెనక గుమ్మం

నేను కంప్యూటర్లు చదువుకున్నానని ఇప్పటికీ నమ్ముతున్న కుటుంబాలు డెట్రాయిట్ శివార్లలో, ఫార్మింగ్టన్ హిల్స్ చుట్టుపక్కల నాలుగైనా ఉంటాయి. ఎనభైల మొదట్లో నేను రెండేళ్ళపాటు కమ్యూనిటీ కాలేజీకి వెళ్ళిన మాట నిజం. సంచీ నిండా పుస్తకాలు మోసిన మాట నిజం. పాసైన మాట కూడా నిజమే. కాకపోతే నేను చదివింది కంప్యూటర్లు కాదు. మనసు బాగాలేని మనిషి పక్కన ఎలా కూర్చోవాలి, ఏమడగాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి అన్న చదువు అది. ఆ చదువు అక్కరకొచ్చే మనిషి ఒకడు రోజూ నన్ను తన కారులో ఆ కాలేజీకి దింపేవాడు. అతనికి కూడా కంప్యూటర్లనే చెప్పాను. ఇక్కడ రాస్తున్నదంతా ఆ అబద్ధం గురించే. మిగతావి వాతావరణ విశేషాలు.

డెబ్భై ఎనిమిది నుంచి మేమిద్దరం కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో, ఒకే హాల్లో, పక్కపక్క డ్రాయింగు బల్లల దగ్గర పనిచేశాం. అతనిది వరంగల్, నాది కాకినాడ. నన్ను 'భాయ్' అనేవాడు, నేను 'గురూ' అనేవాణ్ణి. ఒక వారం అతని కారు, ఒక వారం నాది. సరిగ్గా ఏడూ పదికి మా ఇంటి ముందు హారన్ ఒక్కసారి మోగేది. రెండోసారి మోగించడం మర్యాద కాదని అతని అభిప్రాయం. దారి పొడుగునా ఏదో ఒకటి వాదించుకునేవాళ్ళం. పప్పులో చింతపండు ఎప్పుడు వెయ్యాలన్న విషయం మీద ఒక చలికాలమంతా గడిచింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం హాల్లో సగం మందిని పిలిచి కాగితాలు చేతికిచ్చారు. బల్ల మీద సామాన్లు సర్దుకోవడానికి అట్టపెట్టెలు కూడా వాళ్ళే ఇచ్చారు. ఆ విషయంలో కంపెనీని తప్పుపట్టడానికి లేదు. మా ఇద్దరి పెట్టెలూ ఒకే కారు డిక్కీలో ఇంటికొచ్చాయి.

సోమవారం పొద్దున్న ఏడూ పదికి హారన్ మోగింది.

లుంగీతోనే బయటికెళ్ళాను. టై కట్టుకుని, జుట్టు దువ్వుకుని, స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు.

"ఇదేంటి గురూ?"

"ఈ వారం నా వంతు గద భాయ్."

ఇద్దరం కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. మా ఆవిడ కిటికీలోంచి తొంగి చూసి, "ఇద్దరూ క్షేమమేనా?" అంది. ఆ రోజు డోనట్ల కొట్లో మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఈ సంగతి నేను రెండేళ్ళపాటు ప్రతి విందులోనూ చెప్పి నవ్వించాను. అతను కూడా నవ్వేవాడు. అతను ఆ రోజు టై కట్టుకున్నది నవ్వించడానికి కాదేమోనన్న అనుమానం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

నిరుద్యోగుల ఆఫీసులో, ఏదైనా కొత్త పని నేర్చుకోమని కాలేజీ కాగితం ఒకటి చేతిలో పెట్టారు. నేను వెళ్ళింది కంప్యూటర్ల కోర్సుకే. ఈ మాట మీద ప్రమాణం చెయ్యగలను. కానీ ఉద్యోగం పోయిన డెట్రాయిట్ అంతా ఆ వరుసలోనే నిలబడి ఉంది. నా వంతు వచ్చేసరికి కౌంటరు ఆవిడ, అది నిండిపోయిందనీ, మెంటల్ హెల్త్ వర్కర్ అని ఒక కోర్సు ఉందనీ, అందులో సీట్లున్నాయనీ చెప్పింది. ఎందుకున్నాయని అడిగాను. ఎవరూ అడగరు కనక అంది. అంత నిజాయితీగా మాట్లాడే మనిషి అమెరికాలో నాకు అంతవరకు తగల్లేదు. సంతకం పెట్టేశాను.

మా ఆవిడ దగ్గర్లోని ఆస్పత్రి ల్యాబులో పనిచేసేది. కాగితం చూసి, "మీరా?" అంది. కాసేపు నవ్వింది. తర్వాత, "ఆస్పత్రి ఉద్యోగాలు అంత తేలిగ్గా పోవు. చదవండి. కానీ మనవాళ్ళెవరికీ చెప్పకండి" అంది.

ఆ మాట ఆవిడ చెప్పక్కర్లేదు. మన దగ్గర 'మెంటల్' అంటే డిపార్టుమెంటు కాదు, తిట్టు. ఆ ఆస్పత్రి గేటు లోపలికి మనిషి ఎందుకెళ్తాడన్నదానికి మనవాళ్ళ దగ్గర ఒకటే సమాధానం ఉంటుంది. అది రెండు శనివారాల విందుల్లో ఊరంతా తిరిగి, మా ఇంటికే మళ్ళీ వచ్చి, "ఇప్పుడెలా ఉందండీ మీ ఆయనకి?" అని అడుగుతుంది. అందుకని కంప్యూటర్లన్నాను. ఆ రోజుల్లో అందరూ కంప్యూటర్లే నేర్చుకునేవాళ్ళు. రెండో ప్రశ్న అడిగేంత తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఒకాయన టీవీకి తగిలించే కంప్యూటరు కొని, అది పలకడం లేదని నన్ను పిలిపించాడు. దాని మీద చెయ్యి వేసి చూసి, వేడెక్కింది, రేపటిదాకా ముట్టుకోకండి అన్నాను. మర్నాడు అదే పలికింది. నా పేరు ఎక్కడికో వెళ్ళిపోయింది.

రోజూ కారులో నా పక్కన కూర్చునేవాడికి చెప్పినప్పుడు మాత్రం కొంచెం ఇబ్బంది పడ్డాను. అతను ఎగిరి గంతేశాడు.

"మంచి పని చేసినవ్ భాయ్. నేను గూడ చేరుత."

"నిండిపోయింది గురూ. వచ్చే ఏడు చూద్దాం."

ఆ మాటలో మొదటి సగం నిజం.

మేం రెండో కారు అమ్మేశాం, ఉన్నది మా ఆవిడ తీసుకెళ్ళేది. అందుకని అతనే నన్ను కాలేజీకి దింపేవాడు. వారాల వంతులు పోయాయి కానీ ఏడూ పది పోలేదు. కంప్యూటర్ బిల్డింగు ముందు కారాపి, "దిగు భాయ్, క్లాసుకు లేటైతది" అనేవాడు. నేను ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్ళి, పొడుగాటి వరండా దాటి, యంత్రాలు గుయ్యిమనే గది పక్కనుంచి, వెనక గుమ్మంలోంచి బయటపడి, పచ్చిక దాటి, అవతల ఇటుకల షెడ్డులాంటి మా క్లాసుకి చేరేవాణ్ణి. మంచు పడ్డ రోజుల్లో ఆ వెనక గుమ్మం నుంచి షెడ్డు దాకా ఒకే ఒక్క వరస బూట్ల గుర్తులు ఉండేవి. దొంగలకి కూడా అంత స్పష్టమైన సాక్ష్యం వదిలే అలవాటు ఉండదు.

అతను మాత్రం ఇంటికి తిరిగి వెళ్ళేవాడు కాదు. పార్కింగులోనే మూడు గంటలు కూర్చునేవాడు.

"ఇంటికి పోయి మళ్ళ వచ్చుడెందుకు? ఇక్కడ్నే పేపర్ చూస్త."

మొదట్లో నిజంగానే చూసేవాడు. నేను తిరిగొచ్చేసరికి ఉద్యోగ ప్రకటనల చుట్టూ ఎర్ర సిరా సున్నాలుండేవి. తర్వాత్తర్వాత సున్నాలు తగ్గాయి. రెండో శీతాకాలం వచ్చేసరికి పేపరుకి చుట్టిన రబ్బరు బ్యాండు కూడా విప్పేవాడు కాదు.

మా పంతులమ్మకి అరవై దగ్గరుంటాయి. నర్సుగా చేసి మానేసిన మనిషి. కళ్ళజోడు గొలుసుతో మెళ్ళో వేలాడేది, అది పెట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. క్లాసులో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి, ఒకళ్ళని బాధపడే మనిషిగా, ఒకళ్ళని వినే మనిషిగా కూర్చోబెట్టి మాట్లాడించేది. ఒకరోజు వినే కుర్చీ నాది. ఎదుటి కుర్చీలో పూర్వం లారీ నడిపినాయన. ఆయన తల దించుకుని, "పొద్దున్నే లేవడం ఎందుకో అర్థం కావడం లేదు" అన్నాడు. నేను, "అయితే ముందు అలారం గడియారం అమ్మేయండి" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. లారీ ఆయన కూడా నవ్వేశాడు.

ఆవిడ మాత్రం నవ్వులు ఆగేదాకా ఉండి, "మీరు చాలా సరదా మనిషి. మీ ఎదురుగా కూర్చుని ఎవరూ ఏడవలేరు" అంది.

ఇంటికొచ్చి ఆ మాట గొప్పగా చెప్పుకున్నాను. మా ఆవిడ బెండకాయలు తరుగుతోంది. తలెత్తకుండానే, "ఆవిడ మిమ్మల్ని మెచ్చుకుందని ఎవరు చెప్పారు?" అంది.

జనవరిలో ఒక పొద్దున్న, మనిషి బతుకు మీద ఆశ వదులుకుంటున్నప్పుడు బయటికి కనిపించే గుర్తులేమిటో పంతులమ్మ పాఠం చెప్పింది. నా సీటు కిటికీ పక్కన. కిటికీలోంచి కంప్యూటర్ బిల్డింగు పక్క సందూ, సందులోంచి పార్కింగులో ఒక ముక్కా కనిపిస్తాయి. ఆ ముక్కలో అతని గోధుమరంగు కారు ఉంది. ఇంజిను ఆపి ఉంది. అద్దం మీద మంచు పేరుకుంటోంది. వైపరు కదలడం లేదు. నేను గుర్తులన్నీ వరసగా, అంకెలు వేసి, మంచి దస్తూరీతో రాసుకున్నాను.

"చూసింది చూసినట్టు చెప్పండి," అంది ఆవిడ. "తర్వాత సూటిగా అడగండి. చనిపోవాలనిపిస్తోందా అని ఆ మాటతోనే అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి. అడగకపోతే ఆ మనిషి దాంతో ఒంటరిగా ఉండిపోతాడు."

ఇంగ్లీషులో ఆ ప్రశ్న నాకు బాగానే వచ్చేది. క్లాసులో పదిసార్లు అడిగాను. తెలుగులో అడగడమెలాగో ఆవిడ చెప్పలేదు. మా ఇంట్లో చిన్నప్పుడు, విసుగొచ్చి 'చచ్చిపోతున్నా బాబూ' అంటేనే మా అమ్మ నోరు నొక్కేది. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, సరిగ్గా అప్పుడే విని 'అలాగే' అంటారని. ఇంజనీరింగు చదివాను, అమెరికా వచ్చాను, ఆ దేవతలు మాత్రం వీసా లేకుండా నాతోపాటే వచ్చారు.

అయినా ఆ రోజు కారెక్కాక ప్రయత్నం చేశాను. చెయ్యలేదని ఎవరూ అనడానికి లేదు.

"గురూ, పొద్దున్న ఏమైనా తిన్నావా?"

"తిన్న."

"నిద్ర పడుతోందా?"

అతను నావైపు తిరిగాడు. "ఏంది భాయ్, డాక్టర్ లెక్క అడుగుతున్నవ్?"

గుమ్మం అంత బాగా తెరుచుకోవడం నా జీవితంలో మళ్ళీ చూడలేదు. ఒక్క వాక్యం చాలు. నేను చదివేది అదే గురూ అంటే సరిపోయేది. అతను ఆశ్చర్యపోయేవాడు. తిట్టేవాడు. ఆ తర్వాత బహుశా చెప్పేవాడు.

"నేను కాదు, మా ఆవిడ అడగమంది. నీ మొహం చూసి బెంగపెట్టుకుంది."

"చెల్లెకు చెప్పు, మంచిగనే ఉన్న." కారు స్టార్ట్ చేశాడు. కాస్త ఆగి, "మీ క్లాసుల కొత్తది ఏమన్న చెప్పిన్రా?" అన్నాడు.

కంప్యూటర్ల గురించి నాకు తెలిసింది ఒకటే ముక్క. అదే చెప్పాను. లోపలంతా ఒకటీ సున్నాలేనట, మొత్తం లోకాన్ని ఆ రెండిటితోనే నడిపిస్తుందట.

"గంతేనా?"

"గంతే."

"అందుల సగం నాకొచ్చినట్టే భాయ్," అన్నాడు రోడ్డు వైపు చూస్తూ. "సున్న."

నేను పగలబడి నవ్వాను. మంచి జోకు కనిపిస్తే ఊరుకోలేని బలహీనత నాది.

ఫిబ్రవరిలో పరీక్ష పెట్టారు. గుర్తుల మీద ప్రశ్న వచ్చింది. మూడో గుర్తుగా 'ఇష్టమైన వస్తువులు ఇతరులకు ఇచ్చేయడం' అని రాశాను. ఆ పరీక్ష రాసి, వెనక గుమ్మంలోంచి లోపలికెళ్ళి, ముందు గుమ్మంలోంచి బయటికొచ్చి, కారెక్కాను. అతను సీటు కింద నుంచి తోలు ఒరలో ఉన్న స్లైడ్ రూలు తీశాడు, కాలిక్యులేటర్లు రాకముందు ఇంజనీర్లు లెక్కలు కట్టుకున్న జారుడు బద్ద. వరంగల్లో ఇంజనీరింగులో చేరినప్పుడు వాళ్ళ నాన్న కొనిచ్చింది. దాన్ని హాల్లో ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నేను ఒకసారి దాంతో వీపు గోక్కుంటే రెండు రోజులు మాట్లాడలేదు.

"ఇది నీ దగ్గర ఉంచుకో భాయ్."

"నాకెందుకు?"

"నీకు పనికొస్తది. నాకేం పని?"

"కంప్యూటర్ వాడికి స్లైడ్ రూలిస్తున్నావా? విమానం నడిపేవాడికి ముల్లుకర్ర ఇచ్చినట్టుంది."

అతను నవ్వాడు, చిన్నగా. నేను థాంక్స్ చెప్పి సంచీలో పెట్టుకున్నాను. సంచీలో అది పరీక్ష కోసం రాసుకున్న నోట్సు పక్కనే పడుకుంది. ఆ ప్రశ్నకి నాకు పూర్తి మార్కులొచ్చాయి.

మర్నాడు ఏడూ పదికి హారన్ మోగలేదు. ఏడున్నర దాకా బూట్లు వేసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. ఫోన్ చేస్తే వాళ్ళావిడ ఎత్తింది.

"అన్నా, ఆయనకు జెర పానం బాగలేకుండె. దవాఖానల ఉన్నడు." ఆగింది. "అల్సర్ అంటున్నరు."

"నేను రానా అమ్మా?"

"వద్దన్నా, వద్దు. కొన్ని దినాలల్ల వస్తడు. ఎవ్వలకు చెప్పకుండ్రి."

మనవాళ్ళలో అల్సర్ అంటే చాలా అర్థాలున్నాయి, కడుపుకి సంబంధించినది వాటిలో ఒకటి. నాకు తెలిసిపోయింది. ఫోన్ చేతిలో ఉంది. ఆవిడ అవతల ఊపిరి పీల్చుకోవడం వినిపిస్తోంది. నేను, "కారం తగ్గించమని చెప్పమ్మా" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. మరెవరి మీదైనా తోసేద్దామని చాలా ఏళ్ళు చూశాను.

మార్చిలో నాకు ఆస్పత్రిలో ప్రాక్టికల్స్ మొదలయ్యాయి. దగ్గర్లోని ఆస్పత్రి వద్దని, గంట దూరంలో, వేరే కౌంటీలో ఉన్నది నేనే అడిగి వేయించుకున్నాను, మనవాళ్ళ కంట పడకుండా. తర్వాత తెలిసిందేమంటే, అతన్ని మొదట దగ్గర్లోని ఆస్పత్రికే తీసుకెళ్ళారట. వాళ్ళావిడ డాక్టర్ల కాళ్ళావేళ్ళా పడి, గంట దూరం ఉన్నదానికి మార్పించిందట, మనవాళ్ళ కంట పడకుండా. ఆ దగ్గర్లోని ఆస్పత్రి ల్యాబులో మా ఆవిడ పనిచేస్తుంది కదా. మనవాళ్ళు మనవాళ్ళ నుంచి దాక్కోవడానికి ఎంత దూరం వెళ్ళినా, అంత దూరమూ వెతుక్కుంటూ మనవాళ్ళే వెళ్తారు.

రెండోరోజు పొద్దున్న నన్ను డే రూమ్‌కి పంపారు. రోగులు పగటిపూట కూర్చునే హాలు అది. టీవీ, ముక్కలు పేర్చి బొమ్మ పూర్తిచేసే ఆట ఒకటి, కిటికీ. నా పని ఎవరి పక్కనైనా కూర్చుని, వాళ్ళు మాట్లాడితే వినడం. జేబుకి కార్డు తగిలించుకుని, నోట్సు పట్టుకుని లోపలికెళ్ళాను. కిటికీ దగ్గర కుర్చీలో అతనున్నాడు. తన చొక్కానే వేసుకున్నాడు, కాళ్ళకి ఆస్పత్రి చెప్పులు. గడ్డం ఎవరో గీసినట్టుంది, చెవి దగ్గర కొంచెం మిగిలిపోయింది.

"ఏం భాయ్," అన్నాడు. "నువ్వేంది ఇక్కడ?"

చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు లోకంలో లేదు. ఎదురుగా ఖాళీ కుర్చీ కూడా ఉంది. రెండేళ్ళు నన్ను ఆ కుర్చీలో కూర్చోవడానికే తయారుచేశారు.

"ఇక్కడ కొత్తగా కంప్యూటర్లు పెడుతున్నారట గురూ. వచ్చి చూడమన్నారు."

అతను నన్ను కాసేపు చూశాడు. తర్వాత తనూ మర్యాద తప్పలేదు.

"నాకు అల్సర్ గద. పైన జాగ లేదంట, ఇక్కడ పెట్టిన్రు."

"ఓహో."

"కూసో భాయ్, జెర సేపు."

"లేదు గురూ, వాళ్ళు ఎదురు చూస్తున్నారు. మళ్ళీ వస్తా."

ఇద్దరు పెద్దమనుషులు ఒకరి అబద్ధాన్ని ఒకరు గౌరవించుకుని విడిపోయాం.

అక్కడి నియమం ప్రకారం, తెలిసిన మనిషి వార్డులో కనిపిస్తే వెంటనే పైవాళ్ళకి చెప్పాలి. చెప్పాను. ఆ సూపర్‌వైజరు మంచి మనిషి. "రెండు దారులున్నాయి," అన్నాడు. "అతని సంగతి ఇంకొకరు చూసుకుంటారు, మీరు వార్డులో ఇంకోవైపు పనిచెయ్యండి. సాయంత్రం చూడటానికొచ్చే వేళల్లో స్నేహితుడిగా వెళ్ళి కూర్చోండి, అది అతనికి మంచిది కూడా. లేదంటే మిమ్మల్ని వేరే ఆస్పత్రికి మారుస్తాను." నేను వేరే ఆస్పత్రి అన్నాను. ఆ మధ్యాహ్నమే కాగితం మీద సంతకమైపోయింది.

మా ఆవిడకి కూడా చెప్పలేదు. రోగి సంగతి బయట ఎక్కడా, ఇంట్లో కూడా, నోరెత్తకూడదన్నది ఆ చదువులో మొదటి నియమం. దాన్ని నేను పాటించినంత నిష్ఠగా ఎవరూ పాటించి ఉండరు. నాకు అంత వీలుగా ఉంది అది.

అతను ఇంటికొచ్చాడు. నేను వెళ్ళి చూశాను, కడుపు ఎలా ఉందని అడిగాను, తగ్గిందన్నాడు. మళ్ళీ హారన్ మోగలేదు, నేను బస్సు పట్టుకోవడం నేర్చుకున్నాను. ఆ వేసవిలో అతనికి నార్త్ కరోలినాలో, క్యారీ దగ్గర ఉద్యోగం దొరికింది. వీడ్కోలు విందులో నన్ను మాట్లాడమన్నారు. సోమవారం టై కట్టుకుని వచ్చి హారన్ కొట్టిన కథ చెప్పాను. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అతను ప్లేటు వైపు చూస్తూ నవ్వాడు. వాళ్ళావిడ నవ్వలేదు.

నా చదువు ఏమైందంటే, మంచి మార్కులతో పూర్తయింది. పూర్తయిన నెలలోనే పాత కంపెనీ మళ్ళీ పిలిచింది, వెళ్ళి పాత బల్ల దగ్గరే కూర్చున్నాను. తర్వాత రెండేళ్ళకి హాల్లోకి నిజంగానే కంప్యూటర్లొచ్చాయి. నువ్వు చదివావు కదా అని తెలిసినవాళ్ళందరూ నా చుట్టూ మూగారు. అబద్ధాలకి శిక్ష పడదని ఎవరంటారో కానీ, నాకు నలభై దాటాక మాన్యువల్ చదివి నేర్చుకునే శిక్ష పడింది.

ఎనభై ఎనిమిదిలో ఒక పెళ్ళికి క్యారీ వెళ్ళాను. అతన్ని చూసి ఆరేళ్ళయింది. అప్పుడప్పుడు పండగలకి ఫోన్లు తప్ప ఏమీ లేవు. అతనింట్లోనే దిగాను. జుట్టు నెరిసింది, మనిషి కొంచెం ఒళ్ళు చేశాడు, వంటింట్లో పాట కూనిరాగం తీస్తున్నాడు. స్లైడ్ రూలు తిరిగిద్దామని సంచీలో పెట్టుకెళ్ళాను. రెండు రోజులూ సంచీ విప్పాను, మూశాను. చివరికి ఎయిర్‌పోర్టుకి అతనే డ్రైవ్ చేశాడు. పక్క సీట్లో నేను. రోడ్డుకి రెండు పక్కలా పైన్ చెట్లు.

"భాయ్, ఒకటి అడుగుత," అన్నాడు. "గా దినం నీ జేబుకు కార్డుండె గద."

నా చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళింది.

"స్టూడెంట్ అని ఉండె. కింద డిపార్ట్‌మెంట్ పేరుండె. నాకు ఇంగ్లీష్ చదవొస్తది భాయ్."

"మరి అప్పుడే ఎందుకనలేదు?"

"నా అల్సర్ నిజమేనా అని నువ్వడిగినవా?"

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బావుండేది, దాని మీద ఏదైనా అనేవాణ్ణి.

"ఖుషీ అయింది, తెల్సా? మనోడొకడు ఇది చదువుతున్నడు, వీనికి చెప్పొచ్చు అనుకున్న. మళ్ళ వస్త అన్నవ్ గద. మర్నాడు రెండో కుర్చీ కిటికీ కాడికి జరిపి పెట్టిన. ఎవరన్న కూసోబోతే, మా దోస్తు వస్తడు అని చెప్పిన." ఇండికేటర్ వేసి లేన్ మారాడు. "శుక్రారం దాక పెట్టిన."

నేను ఆస్పత్రి మార్పించుకున్నది మంగళవారం.

డిపార్చర్స్ దగ్గర కారాపాడు. పోలీసాయన కార్లని ముందుకి తోలుతూ చెయ్యి ఊపుతున్నాడు. అతను నా వైపు చూడకుండా, "దిగు భాయ్, క్లాసుకు లేటైతది" అన్నాడు.

తలుపు మీద చెయ్యి వేశాను. దానికి తగిన జోకు నా దగ్గరుంది. మంచిదే. ఇప్పటికీ గుర్తుంది.

"ఇంకో చుట్టు తిప్పు గురూ."

"ఫ్లైట్?"

"ఇంకోటుంటుంది."

కారు కదిలింది. ఎయిర్‌పోర్టు చుట్టూ రోడ్డు గుండ్రంగా వెళ్ళి మళ్ళీ అక్కడికే వస్తుంది. పంతులమ్మ చెప్పినట్టు, చూసింది చూసినట్టు చెప్పాను. రబ్బరు బ్యాండు విప్పని పేపరు. మంచు తుడవని అద్దం. స్లైడ్ రూలు. చూశాననీ, చూసిన రోజునే తెలుసుననీ చెప్పాను. సంచీలోంచి దాన్ని తీసి డ్యాష్‌బోర్డు మీద పెట్టాను. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న అడిగాను, ఆ మాటతోనే, తెలుగులో. అప్పుడు ఉండేదా, ఇప్పుడూ ఉందా అని. తథాస్తు దేవతలు ఆ వేళకి అక్కడ తిరుగుతున్నా సరే.

అర చుట్టు తిరిగాక అతను చెప్పడం మొదలుపెట్టాడు. మూడో చుట్టులో పోలీసాయన మమ్మల్ని గుర్తుపట్టి తల అడ్డంగా ఊపాడు. నాలుగో చుట్టులో రోడ్డు పక్కన కారాపి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. నేను నవ్వించలేదు. నా విమానం మా మీదుగానే వెళ్ళింది.

ఇది రాశాక ఫోన్‌లో అతనికి చదివి వినిపించాను. "రాసుకో, పేరు పెట్టకు, గంతే" అన్నాడు. కారులో అతను చెప్పింది మాత్రం ఇందులో లేదు. అక్కడ చెప్పింది అక్కడే ఉండాలన్న ఆ మొదటి నియమాన్ని ఈసారి సరైన కారణానికే పాటిస్తున్నాను. ఒక్క సంగతి నాది కాబట్టి చెప్పొచ్చు. అతను చెప్పిందంతా వినడానికి అరగంట కూడా పట్టలేదు. కిటికీ దగ్గర కుర్చీలో అయితే ఇంకా తొందరగా అయిపోయేదేమో.